ప్రసాద శబ్దార్థము : భగవదనుగ్రహమును గూర్చిన యొక పాఠము

భగవంతుడు దయామయుడని యెల్లరు నందురు. ఈ మాట మన దేశమున బాలురకు సైతము కంఠస్థమైనది. కాని యా దయ యెట్టిది, ఎవరికి లభించును, లభించినదనుటకు గుఱుతేమి యని యడిగినచో బదులు చెప్పగలవారు తక్కువ. చేతులు మాఱిన కొలది నాణెముపై ముద్ర యరిగిపోవునట్లు, నోళ్లు మాఱిన కొలది గొప్ప మాటల యర్థమును అరిగిపోవుచుండును. అట్టి మాటలలో 'ప్రసాద'మొకటి. దాని ముద్రను మఱల స్పష్టముగ జూచుకొనుటకే యీ పాఠము.

ఈ విచారమునకు మమ్ము బురికొల్పినవాడు పండితుడు కాడు. పల్నాటిసీమలోని ఈపూరునందు ఒక మిత్రుని యింటి యరుగుమీద సాయంకాలమున పదిమందిమి కూడి భగవద్గీత చదువుకొనుచుంటిమి. అది వానలు తప్పిన యేడు. అరుగు చివర గూర్చుండి వినుచున్న యొక వృద్ధ రైతు పాఠము ముగిసిన పిమ్మట మమ్ము జూచి, "అయ్యగారూ, వాన దేవుని దయ యందురు గదా. పొరుగూరిలో గురిసిన వాన మా పొలిమేర దాటి రాలేదు. మేమేమి పాపము చేసినామండీ?" యని యడిగెను.

మేము చదివిన చదువంతయు నా క్షణమున మాకు జ్ఞప్తికి వచ్చినది. "పెద్దాయనా, ఈశ్వరుడు వాన వంటివాడని శంకరాచార్యులవారు చెప్పియున్నారు. వాన యన్ని పొలములమీదను సమానముగనే కురియును, వరి వరిగను యవలు యవలుగను మొలచుట విత్తనముల భేదముచేతనే గాని వాన పక్షపాతముచేత గాదు" అని సంతోషముతో బోధించితిమి. ఆతడు కొంచెముసేపు ఊరకుండి, "విత్తనము మంచిదే వేసినానండీ. వాన గదా రానిది" యనెను. మాకు బదులు దోచలేదు. "మా బావిలో నింకను నీళ్లున్నవి. పొరుగువాని గొడ్లకు తోడిపోయవలె, సెలవండీ" యని ఆతడు లేచిపోయెను.

మేము చెప్పినది శాస్త్రవిరుద్ధము కాదు. అయినను అది యా రైతునకు సమాధానము కాలేదు. ఎక్కడ తప్పితిమో తెలిసికొనవలెనన్న మొదట మాటలనే పరీక్షింపవలసియున్నది.

పద విచారము

సంస్కృతమున భగవత్కృపను దెలుపు మాటలు పెక్కులు గలవు. కృప, దయ, కరుణ యను మూడును పరదుఃఖమును జూచి కరగుటను దెలుపును. 'అనుగ్రహము' అనగా వెంటనంటి పట్టుకొనుట యని యవయవార్థము. అడ్డగించి పట్టుట 'నిగ్రహము'. వీనికన్న ప్రాచీనమైన దొకటి ఋగ్వేదమున గలదు. అది 'మృళీకము', అనగా కనికరము. 7వ మండలమున వసిష్ఠమహర్షి వరుణదేవుని యెడబాటునకు దుఃఖించి, తా నొనర్చిన యపరాధమేమో తెలుపుమని వేడుకొనును. చదువరులారా, వసిష్ఠుని ప్రశ్నయు ఈపూరి రైతు ప్రశ్నయు నొక్కటియే యని గమనింపుడు. కావున నది తెలివిమాలిన ప్రశ్న కాదు. మన మతము పుట్టిననాటినుండియు నున్న ప్రశ్న.

ఇక 'ప్రసాదము'. ఇది 'సద్' ధాతువునకు 'ప్ర' చేర్చగా నేర్పడినది. కలకదేఱుట దీని మొదటి యర్థము. బురద యడుగునకు దిగి తేటపడిన నీరు ప్రసన్నము. మబ్బు విడిన శరత్కాలపు టాకాశము ప్రసన్నము. రాగద్వేషములు శమించిన మనస్సు ప్రసన్నము. భగవద్గీత ద్వితీయాధ్యాయమున నీ శబ్ద మీ యర్థముననే ప్రయోగింపబడినది. ఒకని ముఖమున కోపము దీఱి తేటయైన చూపు మనపై బ్రసరించినప్పుడు 'ఆయన ప్రసన్నుడైనాడు' అందుము. అందుండి దయ యను రెండవ యర్థము వచ్చినది. దేవునకు నివేదించి పంచుకొను నన్నము మూడవ యర్థము. తేట, దయ, పంచుకొను నన్నము: ఈ మూటిని ఒక్క మాటలో నిమిడ్చిన మన పూర్వుల బుద్ధికి మేము నమస్కరించుచున్నాము. నేడు మూడవ యర్థము మాత్రమే మిగిలి మొదటి రెండును మఱుగుపడినవి. ఈ మూడును విడిపోయినప్పుడే అనుగ్రహతత్త్వము చెడినదని మా యభిప్రాయము.

ఉపనిషత్తులు, గీత

కఠోపనిషత్తున నొక ప్రసిద్ధమైన మంత్రము గలదు. ఆత్మ ప్రవచనముచేత గాని, మేధచేత గాని, బహుశ్రవణముచేత గాని లభింపదనియు, వరించుటచేతనే లభించుననియు దాని భావము. వరించువా డెవడు? సాధకుడు పరమాత్మను వరించునని శంకరులును, పరమాత్మ తనకు మిక్కిలి ప్రియుడైన వానిని వరించునని రామానుజులును వ్యాఖ్యానించిరి. ఈ యిరువురి నడుమ నున్న భేదమునుగూర్చి శతాబ్దములు వాదములు నడచినవి. కాని దాని ప్రక్కనున్న మంత్రమును జూచువారు తక్కువ. దుశ్చరితమునుండి విరమింపనివాడు, శాంతి లేనివాడు, మనస్సు నిలుపలేనివాడు ప్రజ్ఞానముచేత నాత్మను బొందజాలడని యది చెప్పుచున్నది. ముందు కృప, వెంటనే నడవడి. ఋషి రెంటిని ప్రక్కప్రక్కన నుంచినాడు, విడదీసినవారము మనము.

అదే యుపనిషత్తున మఱియొక చోట, శోకము వీడినవాడు 'ధాతు ప్రసాదము'వలన ఆత్మ మహిమను జూచునని యున్నది. మనస్సు మున్నగు ధాతువుల నిర్మలత్వమువలన నని శంకరు లర్థము చెప్పిరి. శ్వేతాశ్వతరోపనిషత్తులో నించుమించుగ నిదే మంత్రము 'ధాతుః ప్రసాదము' అని కానవచ్చుచున్నది. అనగా సృష్టికర్త యనుగ్రహమువలన నని. ఒక్క విసర్గతో నర్థ మంత మాఱినది! లోపలి తేటయా, పైనుండి వచ్చు దయయా? ఈ రెండు పాఠములును చిరకాలముగ నిలిచియుండుటయే మాకు బోధగ దోచుచున్నది. మనస్సు తేటపడుటయు దేవుడు దయచూపుటయు నొకే సంఘటన యొక్క రెండు వైపులు కావచ్చును గదా.

ఆత్మబోధ యను ప్రకరణమున చిల్లగింజ దృష్టాంతము గలదు. గింజను నూఱి బురదనీట గలిపినచో మలినము దిగి నీరు తేటయగును. చిల్లగింజ నీటిని పుట్టింపలేదు. నీటిని వెల యిచ్చి కొననులేదు. ఉన్న నీటిని కానవచ్చునట్లు చేసినది. మనుష్యుని సాధన మిట్టిది. అది కృపకు మూల్యము కాదు, కృపకు జోటు.

గీత పదునెనిమిదవ యధ్యాయమున 'ప్రసాద' శబ్దము పలుమాఱులు వచ్చుచున్నది. ఈశ్వరుని ప్రసాదమున పరమశాంతిని బొందుదువని చెప్పిన మరుక్షణముననే శ్రీకృష్ణుడు, దీనినంతయు జక్కగ విమర్శించి నీ యిచ్చవచ్చినట్లు చేయుమని యర్జునునకు స్వాతంత్ర్య మొసగుచున్నాడు. కృప బుద్ధిని త్రోసివేయదు, మేలుకొలుపును. కడపట నర్జునుడు తాను బొందిన ప్రసాదఫలమును జెప్పినప్పుడు ధనమును రాజ్యమును బేర్కొనలేదు. మోహము నశించినదనియు, స్మృతి కలిగినదనియు, సంశయము దీఱినదనియు, కర్తవ్యము చేసెదననియు జెప్పెను. అనుగ్రహమునకు గుఱుతు లివి.

వాన దృష్టాంతము

ఇప్పుడు మా పొరపాటునకు వత్తము. లోకమున సుఖదుఃఖములు విషమముగ నున్నవి గనుక ఈశ్వరునకు పక్షపాతమును నిర్దయయు గలవను నాక్షేపమును బ్రహ్మసూత్రములలో రెండవ యధ్యాయపు మొదటి పాదము పరిహరించుచున్నది. ప్రాణుల కర్మల నపేక్షించి యీశ్వరుడు సృష్టించునని యా సమాధానము. వాన దృష్టాంతము శంకరులవా రచ్చట జెప్పినది. ఆ సూత్రము ఈశ్వరునిపై మోపబడిన నేరమును ద్రోయుటకు బుట్టినదే కాని, పొరుగువానిపై నేరము మోపుటకు బుట్టినది కాదు. మే మా రైతునకు దానిని జెప్పినప్పుడు, మాకు దెలియకుండగనే, 'నీ విత్తనమే చెడ్డది' యన్నవారమైతిమి.

ఇది యల్పమైన దోషము కాదు. 1832, 33 సంవత్సరములలో గుంటూరు మండలమును పాడుచేసిన డొక్కల కఱవును దలచికొనుడు. ఆ మండలమున మూడవవంతు జనము నశించిరని చెప్పుదురు. తల్లుల యొడిలో మడిసిన శిశువులందఱు దుష్టులనియు, ధాన్యము దాచుకొన్నవారు దైవకృపాపాత్రులనియు జెప్పగల నోరు మనకు గలదా? దృష్టాంతమున కృపను వానతో బోల్చిరి. వానను కృపతో దిరుగబోల్చి, మేఘము పోయిన త్రోవనుబట్టి యెవడు పుణ్యాత్ముడో లెక్కించుట మన యజ్ఞానము. ఋతుపవనములు సముద్రముపై గాలి నియమములను బట్టి నడచును. పుణ్యపాపముల పట్టికను బట్టి నడువవు. సర్వభూతములయెడ సముడనని భగవంతుడు చెప్పిన గీతావాక్యమునకు శంకరు లగ్నిని దృష్టాంతముగ నిచ్చిరి. అగ్ని దూరముననున్నవాని చలి బోగొట్టదు, దగ్గఱకు వచ్చినవాని చలి బోగొట్టును. అది దాని పక్షపాతము కాదు. ఈ దృష్టాంతము పంటనుగూర్చి కాక హృదయమునుగూర్చి చెప్పినదని మఱవరాదు.

కఱవులో దైవకృప యెచ్చట నున్నదని యడిగినచో, కఱవును జూచి కరగిన మనుష్యహృదయములలో నున్నదని మా ప్రత్యుత్తరము. ఆ కఱవు పిమ్మట 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియయ్యెను. మెట్టప్రాంతమైన పల్నాటికి దాని నీ రందలేదు; 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడిన పిమ్మటనే యీ సీమకు కొంత యూరట కలిగెను. ఒకని దాహమును మఱియొకడు తన దాహముగ దలచుట దైవానుగ్రహము కాదనువాడు దయ యను మాటనే యెఱుగడు.

ఆచార్యుల మార్గములు

శ్రీవైష్ణవులలో నీ కృపను గూర్చి రెండు దృష్టాంతములు ప్రసిద్ధములు. కోతిపిల్ల తల్లి పొట్టను దానే కఱచి పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట గఱచుకొని పోవును. వేదాంతదేశికుల ననుసరించు వడగలలు మొదటిదానిని, పిళ్లై లోకాచార్యుల ననుసరించు తెంగలలు రెండవదానిని జెప్పుదురు. అయినను దేశికులవారు జీవుని ప్రయత్నమును వెలగ నెంచలేదు; దయ ప్రవహించుటకది 'వ్యాజము', అనగా నొక నెపము మాత్రమే యనిరి. తిరుమల శ్రీనివాసుని దయాగుణమునే యొక దేవిగ భావించి వారు దయాశతకమును రచించిరి. నెపము చాలునను నీ మాటలో నెంత యూరట గలదో, బిడ్డ తప్పటడుగును జూచి చేతులు చాచిన ప్రతి తల్లికిని దెలియును.

అనుగ్రహమునకే పీఠమువేసి యొక సంప్రదాయమును స్థాపించినవాడు మన తెలుగువాడు. 1479లో జనించిన వల్లభాచార్యులవారు వెలనాటి వైదిక బ్రాహ్మణులు. వెలనాడు మన కృష్ణాతీరసీమయే. వారి పుష్టిమార్గమున 'పుష్టి' యనగా దేహబలము కాదు. భాగవతము ద్వితీయస్కంధమున 'పోషణ' మనగా భగవదనుగ్రహమని చెప్పబడినది. ఆ పదమునుండి పుట్టిన పేరిది. కులము, విద్య, కర్మకాండ మను సాధనములు లేనివానిని సైతము కృప పోషించునని వారు బోధించిరి. ఘూర్జర రాజస్థాన దేశములలో లక్షలమంది దాని నవలంబించిరి. అయితే కాలక్రమమున కొందఱు గురువులు కృపకు దామే ద్వారపాలకులమనిరి. దానిని ఖండించిన కర్సన్‌దాస్ మూల్జీపై నడచిన పరువునష్టపు వ్యాజ్యమున 1862లో బొంబాయి న్యాయస్థాన మాయన పక్షమున దీర్పు చెప్పెను. ఉచితముగ ప్రవహించు నీటికి ఎవడో తూము కట్టి పన్ను వసూలు చేయుట యే మతమునకును దప్పని ప్రమాదము. వెల లేనిదానికి వెలకట్టినప్పుడే ప్రసాదము ప్రసాదము గాకపోవును.

శైవులు సృష్టి, స్థితి, సంహారము, తిరోధానములతోపాటు అనుగ్రహమును శివుని యైదవ కృత్యముగ జెప్పుదురు. శివుడు మఱుగుపడుటయు (అదియే తిరోధానము) అనుగ్రహమునకు దోడ్పడునదే యని వారి సిద్ధాంతము. వీరశైవుల షట్స్థలములలో మూడవది 'ప్రసాది'. తన కబ్బినదెల్ల శివునిదని యెఱిగి పంచి భుజించువాడు ప్రసాది. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కాయకమును దాసోహమును, అనగా కష్టించి పనిచేయుటను పంచిపెట్టుటను, జంటగ బోధించుట కిదియే కారణము.

కృపావాద మొక్క హిందూమతమునకే చెందినదనియు, లేక మన మొరులనుండి యెరువు తెచ్చుకొన్నదనియు వాదించుట రెండును దప్పు. 5వ శతాబ్దమున క్రైస్తవులలో అగస్టీనునకును పెలేజియసునకును నిట్టి వాదమే నడచినది. జర్మను పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1930లో మన భక్తిమార్గమును 'కృపామతము'గ గుర్తించి, క్రైస్తవమతముతో బోల్చి, యొక గ్రంథమునే ప్రకటించెను. మనుష్యుడు తన బలమున కవధి దెలిసికొన్న చోటనెల్ల నీ విచారము పుట్టును.

పల్నాటి సాక్ష్యములు

దూరదేశములవఱకు బోనేల? ఈపూరి చుట్టుపట్లనే మూడు సాక్ష్యములు గలవు.

మొదటిది నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండ. ఆనందవల్లి యను గొల్లభామ నిత్యము కొండయెక్కి జంగమదేవరను సేవించెననియు, ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు తన యింటికి రమ్మని వేడగా, వెనుదిరిగి చూడకుండ నడచినచో వెంటవత్తునని యాయన యంగీకరించెననియు, నడుమ నామె వెనుదిరిగి చూడగా నచ్చటనే యాయన నిలిచిపోయెననియు స్థలకథ. ఈ కథను చరిత్రగ గాక బోధగ జదువుడు. భక్తురాలు ఎక్కలేనప్పుడు దేవుడే దిగివచ్చుటకు సిద్ధపడెను. 'వెంటనంటి వచ్చుట' యను ననుగ్రహ శబ్దార్థమే కథయైనది. ఆమె శంకించినను ఆయన శిఖరమునకు మరలిపోలేదు, దిగినంతమేర దిగియేయున్నాడు. పండితునకు గాక గొల్లపడుచునకు బ్రసన్నుడగుటయు గమనింపదగినది.

రెండవది మాచెర్ల. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని నొక్క చాపపై గూర్చుండబెట్టి చాపకూడు కుడిపెననియు, మాల కన్నమదాసును పుత్రునిగ స్వీకరించి సేనానిని జేసెననియు పల్నాటి వీరగాథలు చెప్పుచున్నవి. ప్రసాద శబ్దపు మూడవ యర్థము, అనగా పంచుకొను నన్నము, తక్కిన రెండర్థములతో నచ్చట మఱల గలిసినది. ఒకే దేవుని కృప నందఱము దిన్నవారమైనచో ప్రక్కప్రక్కల గూర్చుండి తినుట కభ్యంతర మేమి?

మూడవది వినుకొండ. అచ్చట 1895లో జనించిన గుఱ్ఱము జాషువ 1941లో 'గబ్బిలము' ప్రకటించెను. గుడిలో నడుగిడుటకు నోచని యొక యస్పృశ్యుడు తన మొఱను కాశీవిశ్వనాథునకు జేర్చుమని గబ్బిలమును వేడుకొనుటయే దాని వస్తువు. గబ్బిలమునకు తెఱచియున్న గుడి మనుష్యునకు మూసియుండెను! దైవదయ తనకు లేదని యతడనలేదు. దయకును దనకును నడుమ దలుపు మూసినది మనుష్యులే యని యతని మొఱ. చెన్నరాజధానిలో 1947లో దేవాలయ ప్రవేశ శాసనము వచ్చినది. గుడి తలుపు శాసనముచేత దెఱవవచ్చును. హృదయపు తలుపు తెఱచుట మనపని.

ఫలితార్థము

కావున ఈ పాఠమునకు సారమిది. భగవత్కృప యెల్లరకును సమానము. అది సంపదనుబట్టి గాని వానచినుకులను బట్టి గాని కొలువబడదు. మన ప్రయత్నము దానికి వెల కాదు. కాలువలో బూడిక తీసినట్టి పని. పూడిక తీసినవాడు నీటిని సృష్టించితి నని చెప్పుకొనడు. నీరు దానంతటదే రావలెనని పూడిక తీయక కూర్చుండనుగూర్చుండడు. నీరు వచ్చినదనుటకు గుఱుతు, అది దిగువపొలమునకు బోవుటయే. తేట, దయ, పంచుకొనుట: ఈ మూడును గూడియున్నచోటనే ప్రసాదము గలదు.

ఆ రైతును మఱల జూచినచో మేమిప్పు డేమి చెప్పుదుము? "పెద్దాయనా, నీవు పాపము చేయలేదు. వాన యెందులకు రాలేదో శాస్త్రజ్ఞులను అడిగి తెలిసికొందము. నీ దుఃఖమునకు కారణము నీలో వెదకి నిన్ను నొప్పించితిమి, క్షమింపుము" అందుము. అంతకన్న నెక్కువ చెప్పుటకు మేమర్హులము కాము. ఏలయన, అనుగ్రహమునుగూర్చి మే మరుగుమీద గూర్చుండి వ్యాఖ్యానించుచున్న సాయంకాలమున, తన పైరు ఎండుచున్నను, పొరుగువాని గొడ్లకు నీరు తోడుటకై లేచిపోయినవాడు ఆతడు. ప్రసాదమును జదివినవారము మేము, ప్రసాదమును బంచినవాడాతడు.

మననమునకు

1. మన కబ్బిన విద్యను, ధనమును, ఆరోగ్యమును మన పుణ్యఫలమని తలచునప్పుడు, అవి లేనివారిని గూర్చి మన మనస్సున నేమి భావించుచున్నాము?

2. గత వత్సరమున మనము పొందిన మేలులలో మన ప్రయత్నముచేత గాక ఒరుల దయచేత వచ్చిన వెన్ని? వానిలో దిగువపొలమునకు విడిచిన వెన్ని?

3. మన యింట, మన పంక్తిలో, మన మనస్సున నింకను మూసియున్న తలుపేది?